కరకట్టకు అవతలి జనం

నేను అమెరికాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా అక్కడి ఒక చిన్న ఊళ్ళో ఏ వీధి ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ చర్చి ఎదురుగా పెట్రోల్ బంకు ఉందో, నది ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక కంపెనీలో చాలా ఏళ్ళు మ్యాపుల పని చేసి, పోయిన ఏడాదే రిటైరయ్యాను. "ఆంటీ, మీ ఉద్యోగంలో గుర్తుండిపోయిన సంగతి ఏదైనా రాయండి" అని మన తెలుగు సంఘం పిల్లలు అడిగితే మొదట ఆ ఊరే గుర్తొచ్చింది. తీరా రాయడానికి కూర్చుంటే, అక్కడ జరిగింది నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదని తెలిసింది. మీరు చదువుకున్నవాళ్ళు, మీకైనా అర్థమవుతుందేమో చూడండి.

ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ఆఫీసులో మేం దాన్ని "మన ఊరు" అనేవాళ్ళం. మీరూ అలాగే అనుకోండి.

నేను పుట్టింది మలేషియాలో, పేరాక్‌లోని ఒక కొబ్బరి ఎస్టేటులో. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చి బూన్ లేలో కాపురం పెట్టాం. టైపిస్టుగా చేరి, కాలంతోపాటు కంప్యూటర్లలోకి, అక్కణ్ణుంచి మ్యాపుల్లోకి జరిగాను. పెద్ద చదువు లేదు. ఓపిక ఉండేది.

అమెరికాలో చిన్న ఊళ్ళకు సొంతంగా మ్యాపుల శాఖలు పెట్టుకునే స్తోమత ఉండదు. ఆ పని మాలాంటి కంపెనీలకు ఇస్తారు. వరద వస్తే ఏ వీధిలో ఎంతమందిని తరలించాలి, కారు లేనివాళ్ళ కోసం స్కూలు బస్సు ఎక్కడ ఆగాలి, ఏ దారిన మెట్టకు వెళ్ళాలి, ఇదంతా ముందే గీసి పెట్టడం మా పని. మా బృందంలో ముఖ్యంగా ముగ్గురం. మా బాస్ సింగపూర్ చైనీస్ ఆవిడ, నాకంటే చిన్నది, మాట కటువు, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించేది. నా పక్క సీటులో గుంటూరు కుర్రాడు, ఇంజనీరు. వాళ్ళావిడ యూనివర్సిటీలో రీసెర్చ్ చేసేది కాబట్టి దానికి దగ్గరగా క్లెమెంటిలో ఉండేవారు. పొద్దున నేను బూన్ లేలో రైలెక్కితే అతను క్లెమెంటిలో ఎక్కి నా పక్కన చేరేవాడు. ద్వీపానికి ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం. మా ఆఫీసు మాటలు సగం రైల్లోనే అయిపోయేవి.

మన ఊరు మధ్య అమెరికాలో, ఒక నది వంపులో ఉంది. నది ఉత్తరం నుంచి దిగి, ఊరిని మూడు వైపులా చుట్టి, దక్షిణానికి పోతుంది. వరదలు మామూలే కాబట్టి ఊరి చుట్టూ ఎత్తుగా మట్టితో కరకట్ట వేసుకున్నారు. నడి ఊళ్ళో ఇటుక భవనాల వీధి ఒకటి, దానికి ఒక కొసన రైలు పట్టాలు, ధాన్యం నిలవచేసే పెద్ద గోపురాల్లాంటి గాదెలు. వాళ్ళు గొప్పగా చెప్పుకునేది ఒక పాత చెక్క వంతెన. పైన ఇంటికప్పులా కప్పు ఉంటుంది. దాని పేరుతో ఏటా ఉత్సవం చేస్తారు. మాకు మొదటి తికమక దాంతోనే వచ్చింది. మ్యాపులో వంతెన కనిపిస్తోంది, కింద నీళ్ళు లేవు. వంతెన పేరున్న రోడ్డు ఊరికి అటు చివర నది ఒడ్డున ఆగిపోతోంది, అక్కడ వంతెన లేదు. గుంటూరు కుర్రాడు రెండు రోజులు జుట్టు పీక్కున్నాడు. చివరికి తేలిందేమిటంటే, పాడైపోకుండా కాపాడుకోవడానికి వంతెనను లేపి తీసుకెళ్ళి పార్కులో గడ్డి మీద పెట్టారట. రోడ్డు మాత్రం పాత పేరుతో పాత చోటే ఉండిపోయింది.

"వంతెన జరిగినా రోడ్డు జరగలేదాంటీ. ఇంకేం జరుపుతారో వీళ్ళు!" అని నవ్వాడు.

అసలు తికమక తర్వాత వచ్చింది. ఊరి జనాభా లెక్కకూ ఇళ్ళ లెక్కకూ పొంతన కుదరలేదు. ఇళ్ళన్నీ లెక్కేసి, ఇంటికి ఇంతమంది అనుకుని కూడితే ఊరి ప్రవేశంలో బోర్డు మీద రాసుకున్న జనాభాలో మూడు వంతుల్లో రెండు వంతులే వస్తోంది. మిగతా జనం ఎక్కడ? సర్కారు జనగణన ప్రకారం వాళ్ళంతా దక్షిణాన ఒకే తునకలో ఉన్నారు. ఆ తునకలో చూస్తే ఇళ్ళే లేవు. పైనుంచి తీసిన ఫోటోలో పొడవాటి రేకుల కప్పులు, వరసగా, ఒకే కొలతలో. మా ఫైల్లో దాని పేరు "ఫార్మ్" అని మాత్రం ఉంది.

నాకు చూడగానే తెలిసిపోయినట్టు అనిపించింది.

"ఇది మా ఎస్టేట్ లయం లానే ఉందే!" అన్నాను. లయం అంటే ఎస్టేటులో కూలీల ఇళ్ళ వరస. ఒకే కప్పు కింద పది కుటుంబాలు. నేను పుట్టింది అలాంటి వరసలోనే. "పొలంలో పనివాళ్ళు. పిల్లా జెల్లా అందరూ అక్కడే ఉంటారు. ఒక్కో గదిలో ఎంతమంది అనుకున్నావు!"

అతను ఫోటోను పెద్దది చేసి చూశాడు. "మరి చుట్టూ రెండు వరసల కంచె ఎందుకాంటీ? మూల మూలకీ ఎత్తుగా లైట్లేంటి?"

"మా మామయ్య పనిచేసిన ఎస్టేటులో కరెంటు కంచె ఉండేది. ఏనుగులు రాకుండా."

"అమెరికాలో ఏనుగులా?"

అయినా లయం అన్న ఊహ నన్ను వదల్లేదు. ఆ తునకలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. కరకట్ట ఊరిని చుట్టుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ రేకుల కప్పుల దగ్గర లోపలికి మడత తిరిగింది. అవి కట్టకు అవతల, నది వైపు ఉండిపోయాయి. అంతమంది కూలీలను వరద వైపు వదిలేసి కట్ట ఎవరు కడతారు?

ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో ఒక క్లర్క్ ఉండేది. మా ప్రశ్నలకు జవాబిచ్చేది ఆమే. మాకు పొద్దున అయితే ఆమెకు ముందురోజు సాయంత్రం. "రేపటి నుంచి మాట్లాడుతున్నారా హనీ, రేపు వాన పడుతుందా?" అని వేళాకోళం చేసేది. ముఖం ఎప్పుడూ చూడలేదు. గొంతును బట్టి నా వయసుదే అనుకునేదాన్ని. ఆ మర్నాడు ఫోన్ చేసి, ఫార్మ్ దగ్గరికి ఎన్ని బస్సులు పెట్టాలో తేల్చుకోవాలి, పిల్లల సంఖ్య చెప్పమన్నాను. చిన్న పిల్లలుంటే బస్సులో వేరే సీట్లు కావాలి కదా.

"పిల్లలా? ఫార్మ్‌లో పిల్లలు ఉండరు."

"ఆడవాళ్ళు?"

"ఉండరు హనీ."

"అందరూ పనికోసం వచ్చిన మగవాళ్ళేనా? ఇళ్ళకు ఎప్పుడు వెళతారు?"

"కొందరు వెళతారు," అంది. "కొందరు వెళ్ళరు," అంది. అప్పుడు ఆమెకు నా సంగతి అర్థమైనట్టుంది. "మీకు ఎవరూ చెప్పలేదా? అది జైలు. పూర్వం ఖైదీలతో పత్తి పండించేవారు. పత్తి పోయింది, పేరు మిగిలింది."

భద్రత కోసమని జైళ్ళ వివరాలు మాలాంటి వాళ్ళకిచ్చే ఫైళ్ళలో ఖాళీగా ఉంచుతారట. జనగణనలో మాత్రం మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడివాడే. ఖైదీలు జైల్లో పడుకుంటారు కాబట్టి ఆ ఊరివాళ్ళ కిందే లెక్క.

"మరి కట్ట అవతల ఎందుకు వదిలేశారు?" అని అడిగాను.

"ఆ కట్ట వేసింది ఎవరనుకున్నారు? వాళ్ళే. మా తాతయ్య తుపాకీ పట్టుకుని కాపలా ఉండేవాడు. కట్ట మీద రాగి పలక ఉంది, మన పెద్దల కష్టార్జితమని దాని మీద రాశారు. మా తాతయ్య అది చూసి నవ్వేవాడు, ఎందుకు నవ్వేవాడో చెప్పేవాడు కాదు."

ఫోన్ పెట్టేశాక నేను గుంటూరు కుర్రాడి వైపు తిరిగి, మలయ్‌వాళ్ళు అయ్యో అన్నట్టుగా, "అలమా! ఏనుగులు కాదయ్యా," అన్నాను. అతను నవ్వలేదు. జైలని తెలిశాక నా మనసులోని లయం చెదిరిపోవాలి కదా. చెదరలేదు. ఆ రేకుల కప్పుల కింద నాకు ఇంకా పిల్లలు ఆడుకుంటున్నట్టే, ఎవరో బట్టలు ఆరేస్తున్నట్టే కనిపించేది. ఇది తప్పని తెలుసు. లోపలున్నవాళ్ళలో ఎవరు ఏం చేసి వచ్చారో నాకేం తెలుసు? వాళ్ళ వల్ల చెడిపోయిన ఇళ్ళు ఎక్కడో ఉండే ఉంటాయి. వాళ్ళ మీద జాలిపడాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

బాస్‌కు చెప్తే ఒక్క మాటలో తేల్చేసింది. "జైలు రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది లా. మనకి పని ఇచ్చింది ఊరు. వాళ్ళు కావాలంటే పెడతాం, వద్దంటే తీసేస్తాం. మీరెందుకు తల పాడుచేసుకుంటారు?"

ఆవిడ మాటలో తప్పేం లేదు.

ఊరి కౌన్సిలుకు మా ప్లాన్ చూపించాల్సిన రోజు వచ్చింది. మాకు మంగళవారం పొద్దున, వాళ్ళకు సోమవారం సాయంత్రం. తెర మీద ఒక హాలు, పొడవాటి బల్ల, వెనక గోడ మీద చెక్క వంతెన బొమ్మ. మేయరు బాగా పెద్దాయన, చెవికి మిషను ఉంది. ఆయన పక్కన కౌన్సిలు సభ్యుడొకాయన, ట్రాక్టర్ల షాపు యజమాని. బాస్ మాట్లాడుతోంది, నేను మ్యాపు జరుపుతున్నాను. ఊరంతా ఆకుపచ్చగా ఉంది. దక్షిణాన ఒక్క తునక ఎర్రగా వెలుగుతోంది.

"ఆ ఎరుపేమిటి?" అన్నాడు ట్రాక్టర్ల ఆయన.

బాస్ నా వైపు చూసింది. "జనం ఉండి బస్సు లేని చోటు ఎర్రగా వస్తుంది సార్," అన్నాను.

"అది ఫార్మ్ కదా. వాళ్ళు మావాళ్ళు కారు. తీసేయండి."

నేను తీసేశాను. తీయగానే తెర మూల ఊరి మొత్తం జనాభా చూపించే అంకె దానంతటదే పడిపోయింది. అది సాఫ్ట్‌వేర్ పద్ధతి. మనిషిని మ్యాపులోంచి తీస్తే లెక్కలోంచీ పోతాడు.

"ఆగండి ఆగండి. ఆ అంకె తప్పు. మా ఊరి జనాభా అది కాదు," అన్నాడాయన.

"వాళ్ళను తీస్తే అంతే వస్తుంది సార్."

"అయితే అంకె ఉంచండి, మనుషుల్ని తీయండి."

నేను అర్థంకాక బాస్‌ని చూశాను. బాస్ గుంటూరు కుర్రాణ్ణి చూసింది. అతను పైకి, సీలింగు వైపు చూశాడు. నేను నిజంగానే తెలుసుకుందామని అడిగాను, ఎత్తిపొడవాలని కాదు: "సార్, ఊరి బోర్డు మీద వాళ్ళు ఉన్నారు కదా. ఉన్నారని రాయాలా, లేరని రాయాలా? ఏదో ఒకటి చెప్పండి, అలాగే చేస్తాను."

హాల్లో ఒక మూల నుంచి దగ్గు వినిపించింది. అది మా క్లర్క్‌దని ఎందుకో అనిపించింది. మళ్ళీ ఎర్ర తునక వేయమన్నారు. ఎరుపు బాగాలేదన్నారు. ప్రభుత్వానికి వెళ్ళే కాగితం మీద ఎరుపుంటే ఊరికి చెడ్డపేరట. రంగు మార్చమన్నారు, రంగు మా చేతిలో లేదన్నాం. వాళ్ళలో వాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి మేయరు చెవి మిషను సవరించుకుని, "బస్సులు వేసెయ్యమ్మా. ఎలాగూ కాగితం మీదే కదా," అన్నాడు.

నేను స్కూలు బస్సులు కేటాయించి, దారి గీశాను. పట్టాల కింది నుంచి వెళ్ళే మామూలు రోడ్డు పల్లంలో ఉంది, వరదలో పనికిరాదు. అందుకని గాదెల వెనక నుంచి తిప్పి, కట్ట మీదుగా అవతలికి దింపాను. తునక ఆకుపచ్చగా మారింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. రైల్లో ఇంటికి వెళుతుంటే గుంటూరు కుర్రాడు అడిగాడు: "ఇంతకీ మనం గెలిచామా ఆంటీ, ఓడామా?"

"పోటీ ఎక్కడుందయ్యా?" అన్నాను. నాకూ తెలియలేదు.

మరుసటి వసంతంలో నది పొంగింది. ఆ పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి ఫోన్ మోగుతోంది. క్లర్క్ గొంతు ఎప్పటిలా లేదు.

"రాష్ట్రం బస్సులు హైవే దగ్గర ఆగిపోయాయి. పట్టాల కింద రోడ్డు మునిగింది. ఫార్మ్‌లోకి నీళ్ళు వస్తున్నాయి. మీ ప్లాన్‌లో దారి ఎటు వేశారు?"

ఎరుపు పోవడం కోసం గీసిన దారి అది. గుంటూరు కుర్రాడు నా చెవి దగ్గర, "ఆంటీ, ఆ కట్ట మీద బస్సు వెళ్ళేంత వెడల్పు ఉందో లేదో మనం చూడనేలేదు," అన్నాడు.

అదే మాట ఆమెను అడిగాను. "కట్ట మీద బస్సు వెళ్ళగలదా మేడమ్? మాకు తెలియదు."

"చెత్త లారీ వెళుతుంది. లారీ వెళితే బస్సూ వెళుతుంది. దారి చెప్పండి."

చెప్పాను. గాదెల వెనక ఎడమకు, ఇనుప గేటు దాటి కట్ట ఎక్కాలి, నీటి పంపుల గది దగ్గర అవతలికి దిగాలి. నేను చెబుతుంటే ఆమె రేడియోలో ఎవరికో అప్పజెప్పింది. వెనక ఎవరో అరుస్తున్నారు. స్కూలు డ్రైవర్లలో కొందరు ఖైదీల కోసం రామన్నారని, మేయరు సంతకం పెట్టాడని, ట్రాక్టర్ల ఆయన బస్సుల్ని లాగడానికి తన ట్రాక్టర్లు పంపించాడని మధ్యమధ్యలో ముక్కలుగా వినిపించింది. మావాళ్ళు కారన్నాయన ట్రాక్టర్లు ఎందుకు పంపించాడో నాకు తెలియదు. తర్వాత లైను తెగిపోయింది.

ఎంత ప్రయత్నించినా మళ్ళీ కలవలేదు. బాస్ తన గదిలోంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. కాఫీ షాపు నుంచి తెహ్, అంటే పాలు కలిపిన టీ, తెప్పించి నా ముందు పెట్టించింది. అది చల్లారిపోయింది. కట్ట మీద బస్సు ఒరిగిపోయినట్టు, అది నా గీత మీద నుంచే ఒరిగినట్టు రోజంతా కళ్ళ ముందు కనపడింది. మెసేజీ లేదు, వార్త లేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరేం అడిగినా సరిగా జవాబు చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఫోనొచ్చింది. అందరూ బయటపడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. హైస్కూలు జిమ్ములో పడుకోబెట్టారట. ఊళ్ళో కొందరు రొట్టెలు, దుప్పట్లు తెచ్చి ఇచ్చారు. కొందరు స్కూల్లోకి వాళ్ళను ఎలా రానిచ్చారని పోట్లాడారు. రెండు పనులూ చేసినవాళ్ళు కూడా ఉన్నారట.

జైలు మాత్రం మళ్ళీ తెరవలేదు. గోడలు నాని పనికిరాకుండా పోయాయి, ఖైదీలను వేరే వేరే చోట్లకు పంచేశారు. కొన్నాళ్ళకు ట్రాక్టర్ల ఆయన దగ్గర నుంచి మా ఆఫీసుకు ఒక విన్నపం వచ్చింది. ఊరి జనాభా బాగా పడిపోయింది, ఊరి హోదా తగ్గించేస్తారేమో, వాళ్ళు తాత్కాలికంగా బయటికెళ్ళినట్టు మ్యాపులో చూపించడం కుదురుతుందా అని. బాస్ అది చదివి నవ్వింది. కుదరదని మర్యాదగా జవాబు రాయమంది. రాశాను. వాక్యం ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసార్లు కొట్టేశాను.

నేను రిటైరయ్యే ముందు క్లర్క్‌తో చివరిసారి మాట్లాడాను. ఆమె కూడా ఉద్యోగం మానేస్తున్నానంది. వరద రోజు సంగతి అప్పటిదాకా ఆమెను అడగలేదు. ఆ రోజు అడిగాను, బస్సులు వెళ్ళడం మీరు చూశారా అని.

"చూశాను హనీ. మెయిన్ స్ట్రీట్ మీదుగానే వెళ్ళాయి, లోపల దీపాలు వేసి ఉన్నాయి. జనం దుకాణాల ముందు నిలబడి చూస్తున్నారు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఏళ్ళ తరబడి పక్కనే ఉన్నా వాళ్ళ ముఖాలు చూడటం అదే మొదలు. నేనైతే చెయ్యి ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు, చెయ్యి దానంతటదే లేచింది."

"వాళ్ళేం చేశారు?"

"ఊపబోయారు. బేడీలు కదా, ఒక్క చెయ్యి పైకి రాదు. కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళు రెండు చేతులూ కలిపి పైకెత్తారు. ఒక బస్సు తర్వాత ఒక బస్సు, అందరూ అలాగే."

రెండు చేతులు కలిపి ఎత్తితే మన దగ్గర అర్థం వేరని ఆమెకు తెలియదు. అది దణ్ణం కాదని, ఇనుము వల్ల అలా వచ్చిందని నాకు తెలుసు. అయినా ఇన్నాళ్ళకీ నా కళ్ళకు ఆ బస్సులు కనిపించినప్పుడల్లా, కిటికీలన్నిటిలోంచీ మనుషులు దణ్ణం పెడుతున్నట్టే కనిపిస్తుంది. ఎవరికి పెడుతున్నారో మాత్రం తెలియదు.